నాలుగు పౌండ్ల సైకిల్ షాపు
(స్మారకోపన్యాస పాఠం)



జీవితమంతా సైకిళ్లు బాగుచేసిన మనిషి పేరిట మాట్లాడమన్నారు. ఆయన మంచితనం నాకంటే మీకే ఎక్కువ తెలుసు. అందుకని ఆయన వృత్తికే చెందిన ఇంకొకరి గురించి, ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో 1893లో తెరిచిన ఒక రిపేరు షాపు గురించి చెబుతాను. షాపు యజమాని పేరు విలియం మోరిస్. తర్వాతి రోజుల్లో కార్ల ఫ్యాక్టరీ పెట్టి లార్డ్ నఫీల్డ్ అయ్యాడు కాబట్టి చరిత్ర పుస్తకాలు ఆ సైకిల్ షాపును రెండు వాక్యాల్లో దాటేస్తాయి. నా దృష్టిలో ఆ రెండు వాక్యాల్లోనే అసలు కథ ఉంది.

అప్పటి కాలం సంగతి కాస్త చెప్పాలి. 1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిల్‌తో రెండు చక్రాలూ దాదాపు ఒకే ఎత్తుకు వచ్చాయి, వెనక చక్రానికి చైను వచ్చింది. మనిషెత్తు ముందు చక్రం మీదికి ఎక్కి కూర్చునే సాహసం అక్కర్లేకపోయింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు డన్‌లప్ గాలి టైరు తయారుచేశాడు. గాలి టైరు మీద సైకిలు మెత్తగా పోతుంది, మేకు గుచ్చుకుంటే ఆగిపోతుంది. పంక్చరు పుట్టిన రోజే రిపేరు షాపు కూడా పుట్టిందనాలి. పైగా ఆక్స్‌ఫర్డ్ విద్యార్థుల ఊరు. కాలేజీ నుంచి కాలేజీకి తిరిగే కుర్రాళ్లకు సైకిలు నిత్యావసరం.

మోరిస్ 1877లో వూస్టర్‌లో పుట్టాడు. మూడేళ్లప్పుడు కుటుంబం ఆక్స్‌ఫర్డ్ చేరింది. సర్జన్ కావాలని అతని ఆశ. తండ్రి ఆరోగ్యం దెబ్బతినడంతో బడి మానేసి, ఊళ్లోనే ఒక సైకిల్ వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. కొన్ని నెలలయ్యాక జీతం పెంచమని అడిగాడు. యజమాని పెంచలేదు. పదిహేనేళ్లవాడు బయటికొచ్చి, జేమ్స్ స్ట్రీట్‌లో తల్లిదండ్రుల ఇంట్లోనే సొంతంగా పని మొదలుపెట్టాడు. పెట్టుబడి నాలుగు పౌండ్లు. ఇంటి వెనక కొట్టం వర్క్‌షాపు. అంతే.

రిపేర్లతో కడుపు నిండుతుంది గానీ పేరు రాదు. అతనికి పేరు తెచ్చింది ఒక పొడగరి పాదిరీగారు. సెయింట్ క్లెమెంట్స్ చర్చి పాదిరీగారి ఎత్తుకు ఊళ్లో దొరికే సైకిలేదీ చాలలేదు. మోరిస్ ఆయన కొలతకు 27 అంగుళాల ఫ్రేముతో సైకిలు కట్టిచ్చాడు. పాదిరీగారు దానిమీద పేటంతా తిరిగేవారు. అంతకంటే ప్రకటన ఏం కావాలి? ఆర్డర్లు మొదలయ్యాయి. మోరిస్ కూడా చేతులకు నూనె మరకలతో కొట్టంలోనే ఉండిపోలేదు. తాను కట్టిన సైకిలెక్కి పందేలకు వెళ్లాడు, ఆ చుట్టుపక్కల కౌంటీల్లో చాంపియన్ అయ్యాడు. తన సరుకును తానే పరుగెత్తించి చూపించిన మనిషన్నమాట.

ఇక్కడ కొంచెం నిలబడదాం. ఆ సైకిల్లో మోరిస్ సొంతంగా తయారుచేసింది చాలా తక్కువ. విడిభాగాలు బయటి ఫ్యాక్టరీల నుంచి వచ్చేవి. అతని పనల్లా వాటిని ఎంచడం, కూర్చడం, రిమ్ము వంకర తీసి స్పోకులు సమంగా బిగించడం, గుండ్లు వేసి గ్రీజు పెట్టి చక్రం తిప్పి చూడడం. ఏ కంపెనీ సరుకు ఏడాది ఆగుతుందో, ఏది నెలకే అరుగుతుందో రిపేరు చేసేవాడికి తెలిసినట్టు తయారుచేసినవాడికి కూడా తెలియదు. చెడిపోయిన బండ్లన్నీ వచ్చేది అతని గుమ్మానికే కదా. ఈ విద్య కాలేజీల ఊళ్లో ఏ కాలేజీలోనూ లేదు.

1901కల్లా హై స్ట్రీట్ 48వ నంబరులో షాపు తెరిచాడు. సైకిలుకు ఇంజిను తగిలించి మోటారు సైకిలు కట్టాడు. తర్వాత ఒక ధనిక విద్యార్థితో కలిసి భాగస్వామ్య వ్యాపారంలో దిగాడు. 1904లో అది కుప్పకూలింది. మిగిలింది 50 పౌండ్ల అప్పు. తన పనిముట్లను తానే వేలంలో పాడుకుని కొనుక్కోవలసి వచ్చింది. తన పానాలకు తానే ధర కట్టి కొనుక్కునే దుస్థితి ఏ పనివాడికీ రాకూడదు. ఆ ఏడాదే ఎలిజబెత్ ఆన్‌స్టీని పెళ్లాడాడు. ఆమెకూ సైకిలంటే ప్రాణం. మళ్లీ లాంగ్‌వాల్ స్ట్రీట్‌లోని గ్యారేజీలో పని సాగించాడు. ఆ గ్యారేజీ తర్వాత మోరిస్ గ్యారేజెస్ అయింది. హైదరాబాదు రోడ్ల మీద ఇవాళ తిరుగుతున్న ఎంజీ కార్ల పేరులోని రెండక్షరాలు అక్కడివే.

1912లో కారు కట్టాలనుకున్నప్పుడు మోరిస్ ఏం చేశాడో చూడండి. కోవెంట్రీలో వైట్ అండ్ పాపే వాళ్ల దగ్గర ఇంజిన్లు, బర్మింగ్‌హామ్‌లో రిగ్లీ దగ్గర యాక్సిళ్లు, ఆక్స్‌ఫర్డ్‌లోనే రావర్త్ దగ్గర బాడీలు తీసుకున్నాడు. ఆ ఏడాది లండన్ మోటారు ప్రదర్శన నాటికి కారు పూర్తి కాలేదు. చేతిలో నక్షలే ఉన్నాయి. గోర్డన్ స్టూవర్ట్ అనే లండన్ వ్యాపారి ఆ నక్షలు చూసే 400 కార్లకు ఆర్డరిచ్చాడు. 1913లో మొదటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ బయటికొచ్చింది. కౌలీలో ఫ్యాక్టరీ పెట్టిన భవనంలో ఒకప్పుడు బడి నడిచేది, అతని తండ్రి చదువుకున్న బడే అది. అన్నీ సొంతంగా తయారుచేయాలన్న పంతం ఇతర కంపెనీలకు ఉండేది. మోరిస్‌ది సైకిల్ షాపు పద్ధతి. 1921లో అమ్మకాలు పడిపోతే అందరూ ధరలు పట్టుకుని కూర్చున్నారు, అతను ఒక్కసారిగా 100 పౌండ్ల వరకు తగ్గించాడు. కొనేవాడి జేబు ఎంతో ముఖాముఖి చూసి ఎరిగినవాడి నిర్ణయంగానే దాన్ని నేను చూస్తాను.

ఆ కారు వంశం మన దాకా వచ్చింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌నే హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1957 నుంచి అంబాసిడర్‌గా తయారుచేశారు. కలెక్టరు బంగళా ముందూ రైల్వేస్టేషను టాక్సీ స్టాండులోనూ మనం చూసిన ఆ బండి 2014 దాకా తయారైంది.

మోరిస్‌ను దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. 1931లో ఆస్వాల్డ్ మోస్లీ పెట్టిన న్యూ పార్టీకి 50,000 పౌండ్లు ఇచ్చాడు. ఆ మోస్లీయే మరుసటి ఏడాది ఫాసిస్టు నాయకుడయ్యాడు. కార్మిక సంఘాలంటే మోరిస్‌కు గిట్టేది కాదు. పానా పట్టి పైకొచ్చిన మనిషి పానా పట్టినవాళ్ల సంఘాన్ని దూరం పెట్టడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కానీ సర్జన్ కావాలన్న ఆశ అతనిలో చావలేదు. సంపాదనలో చాలా భాగం వైద్యానికే పోయింది. ఆక్స్‌ఫర్డ్‌లో మత్తుమందు శాస్త్రానికి ప్రొఫెసర్ పదవి ఉండాలని విశ్వవిద్యాలయం వెనకాడినా పట్టుబట్టాడు. 1937లో రాబర్ట్ మాకింటోష్ ఆ పదవిలో మొదటివాడయ్యారు. 1938లో, పోలియోతో ఊపిరాడని రోగులకు శ్వాస అందించే యంత్రం అతని దృష్టికి వచ్చింది. ఆస్ట్రేలియాకు చెందిన ఎడ్వర్డ్ బోత్ దాన్ని ప్లైవుడ్‌తో చవగ్గా తయారయ్యేలా రూపొందించాడు. కౌలీ ఫ్యాక్టరీలో ఒక మూల ఆ పనికి కేటాయించి, బ్రిటిష్ సామ్రాజ్యంలో ఏ ఆసుపత్రి అడిగినా ఉచితంగా ఇస్తానని మోరిస్ ప్రకటించాడు. వాడడం తెలియని చోటికి పంపితే ప్రమాదమని కొందరు వైద్యులు అభ్యంతరం చెప్పారు. అతను ఆగలేదు. కార్లు కూర్చే చేతులే సుమారు 1,700 యంత్రాలు కూర్చి పంపించాయి.