'జ్ఞాపకం' దగ్గర ఆగిపోయిన యంత్రం
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సంచికను గూర్చి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్ములను కోరారు. అందులోని వ్యాసాలను మీరే చదువుకుంటారు. అది అచ్చుకు పోకముందు మేము పడిన పాటు ఒకటి మాత్రం విన్నవిస్తాము.

మన జార్జి టౌన్‌లో, కొత్వాలు చావడి పక్కన, ఎనభై దాటిన అవ్వగారు ఒకరున్నారు. 1996లో కూరగాయల బజారు కోయంబేడుకు తరలిపోక మునుపు ఆ వీధి తెల్లవారుజామున ఎట్లా ఉండేదో ఆమె చెబుతూ ఉంటే, మనుమరాలు కంప్యూటరులో ఎక్కించింది. ఆ పిల్ల చదువంతా అరవంలోను, ఇంగ్లీషులోను సాగింది. తెలుగు అక్షరాలు మన ఆదివారపు తరగతిలో నేర్చుకున్నవే. అందుచేత 'వచ్చింది' అని కొడితే 'వచింది' అని పడినప్పుడల్లా తప్పు తనదే అనుకుంది. మేమూ అట్లాగే అనుకున్నాము; సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాము. ఒకనాటి సాయంత్రం ఆ ఎడిటరు, అనగా అక్షరాలు కొట్టే ప్రోగ్రాము, తనంతట తానే మూసుకుపోయింది. సేవ్ చేయని రెండు పుటలు దానితో పోయినవి.

మరునాడు నలుగురం కూర్చున్నాము. మీటల పలక మార్చాము, వైరస్ ఉన్నదేమోనని వెదికాము, ఫలితం లేదు. తీరా చూస్తే ఆ యంత్రంలో తెలుగు కొట్టే ఏర్పాట్లు రెండున్నవి. పాత ఫాంట్ల కోసం ఎవరో ఎప్పుడో పెట్టినది ఒకటి, యూనికోడు కోసం పెట్టినది మరొకటి. నొక్కిన మీటను రెండూ అందుకోబోయేవి. పాతదానిని ఆపగానే ఒత్తులు జారడం మానింది. పిల్ల తప్పేమీ లేదు.

మూసుకుపోవడం మాత్రం మానలేదు. వ్యాసాన్ని రెండు ఫైళ్ళుగా కోశాము. ఒక సగం బాగానే తెరుచుకుంది. రెండవది తెరవగానే మూసుకుంది. ఆ సగంలో సగం, అందులో సగం, బియ్యంలో రాయి ఏరినట్లు ఏరగా ఒక్క మాట మిగిలింది: 'జ్ఞాపకం'.

యూనికోడులో 'జ్ఞా' అన్నది ఒక్క సంకేతం కాదు. జ, పొల్లు, ఞ, దీర్ఘం అని నాలుగు. యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్ల చొప్పున 12 బైట్లు. మా ఫైలులో ఞకూ దీర్ఘానికీ నడుమ కంటికి కనబడని అయిదవ సంకేతం ఒకటి చేరింది. అక్షరాలు కలిసిపోకుండా విడిగా నిలపడానికి ఏర్పరచిన గుర్తు అది. ఫోనులోనుంచి నకలు చేసి అతికించిన వాక్యం వెంట వచ్చింది. సీసపు అచ్చుల కాలంలో ఒత్తు జారితే ప్రూఫులో కనబడేది. ఇది ప్రూఫుకు దొరికేది కాదు.

2018 ఫిబ్రవరిలో ఈ అయిదు సంకేతాల వరుసే ఐఫోనులను తబ్బిబ్బు చేసింది. ఆ అక్షరమున్న సందేశం వస్తే చాలు, దానిని చూపవలసిన ప్రోగ్రాము కూలిపోయేది. ఆపిల్ వారు ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సవరించారు. తెలుగు అక్షరం ఫోనులను పాడుచేస్తున్నదని లోకమంతా చెప్పుకున్నది. అక్షరం చేసిన నేరమేమి? దానిని గీయవలసిన ప్రోగ్రాములోనే లోపం. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని వరుసలకూ అదే గతి పట్టింది.

మేము ఆ మాటను చెరిపి తిరిగి కొట్టాము, ఎడిటరుకు కొత్త కూర్పు తెచ్చి పెట్టాము. అంతటితో యంత్రం దారికి వచ్చింది.

పోయిన రెండు పుటలు రాలేదు. అవ్వగారిని మళ్ళీ చెప్పమని అడిగితే, "అప్పుడు వచ్చిన మాట ఇప్పుడు రమ్మంటే వస్తుందటే?" అన్నారు. అయినా చెప్పారు. మొదటిసారి ఆమె భర్త బండివాళ్ళతో బేరమాడిన తీరు ఉండేదట. రెండవసారి అది రాలేదు. మనుమరాలికి అది సగమే గుర్తున్నది. ఆ సగాన్ని తన మాటల్లో వ్యాసం చివర చేర్చింది.

ఇప్పుడు అవ్వగారు వాక్యం పూర్తికాగానే ఆగి, "సేవ్ చేశావటే?" అని అడుగుతున్నారు.