రాస్ అను ఇంటిపేరు



మన్యమునకు ఉద్యోగముపై వచ్చు మైదానమువారు పూర్వము పులికంటె చలిజ్వరమునకే ఎక్కువ వెఱచెడివారు. ఆ జ్వరపు మర్మము తెలుగునాటనే, సికిందరాబాదున, 1897 ఆగస్టు 20వ తేదీన బయటపడినది. దానిని కనుగొనిన సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ 1857లో ఆల్మోరాలో జన్మించెను. పూర్వము చెడుగాలియే జ్వరకారణమని లోకము నమ్మెను. మలేరియా యను మాటకు అర్థమే చెడుగాలి. రాస్ దోమ కడుపును చీల్చి, దాని గోడపై జ్వరక్రిమి పెరుగుచుండుట సూక్ష్మదర్శినిలో చూచెను. 1898లో కలకత్తాలో పక్షుల విషయమున దోమకాటుచే వ్యాధి సంక్రమించుటను నిరూపించెను. మనుష్యుల విషయము తేల్చినవారు ఇటలీ దేశీయుడగు గ్రాస్సీ, ఆయన సహచరులు. 1902 నోబెల్ బహుమానము మాత్రము రాస్‌కే దక్కినది.

ఇక పేరు సంగతి. రాస్ అనునది స్కాట్లండు ఉత్తరమున నొక సీమ. ఊరిపేరు ఇంటిపేరగుట మనకు వింత కాదు. మనము ముందు చెప్పుదుము, వారు వెనుక చెప్పుదురు. ఈ కొండలలో నైతే కిల్లో వారికి పెద్దపులి, పంగి వారికి గ్రద్ద వంశచిహ్నములు.

ఆ ఇంటిపేరు 1926లో లండనులో నొక వైద్యసంస్థ కెక్కినది. బేగంపేట విమానాశ్రయము చెంత ఆయన పనిచేసిన భవనమునకును, హైదరాబాదు నల్లకుంటలోని అంటువ్యాధుల ఆసుపత్రికిని అదే పేరు. కాని నల్లకుంటకు పోవు రోగి ‘రాస్ ఆసుపత్రి’ అనడు. ‘కొరంటి’ అనును, లేదా ‘ఫీవరాసుపత్రి’ అనును. క్వారంటైను జనుల నోట కొరంటి యైనది. బండివాడు చేర్చవలసిన చోటికి చేర్చుచున్నాడు గనుక ఇందు తప్పు పట్టనక్కరలేదు. ఆస్ట్రేలియాలో రాస్ నది జ్వరమని యొకటి కలదు. అదియు దోమకాటు వలననే వచ్చును. కాని ఆ నదికి పేరిచ్చిన రాస్ వేఱు!

లెక్కలు తెలిసినవారు గమనింపదగిన పద్దు ఒకటి కలదు. హుస్సేన్ ఖాన్ అను జ్వరపీడితుడు దోమలచే కఱపించుకొనుటకు ఒప్పుకొనెను. కఱచిన యొక్కొక్క దోమకు రాస్ అతని కొక అణా చెల్లించెను. ఆ దోమలలోనే క్రిమి కనబడినది. ఆసుపత్రి పేరులో హుస్సేన్ ఖాన్ లేడు.

మన కొండవాగులలో జ్వరమును మోయు దోమజాతి యున్నది. జ్వరము తగిలినవాని వ్రేలు పొడిచి, రక్తపుబొట్టును గాజుపలకపై పూసి పరీక్షింతురు. రక్తములో ఆ క్రిమిని మొదట చూచినవాడు ఫ్రెంచి వైద్యుడు లావెరాన్, 1880లో. అది దోమలో పెరుగునని సికిందరాబాదులో తెలిసిన పిదప దోమతెర వైద్యములో భాగమైనది. అట్లు పూసిన పలక కొక సంఖ్య వేసి, చీటీపై రోగి ఇంటిపేరు ముందు వ్రాయుదురు: కిల్లో అనియో, పంగి అనియో.