రాజమహేంద్రవరమునకు విచ్చేయు విద్యార్థులతో

పరదేశములనుండి వచ్చిన విద్యార్థులారా, రేపు మీరు రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాలను దర్శింపనున్నారు గనుక ఆ నగరమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు నన్నాజ్ఞాపించినారు.

అక్కడివారు మీకు మొదట గోదావరిని జూపి, పిదప నన్నయభట్టారకుని పేరు చెప్పుదురు. అది న్యాయమే. పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కోరికపై ఆయన మహాభారతమును దెనిగింప నారంభించిన దక్కడనే. అయితే ఆది సభా పర్వములును, అరణ్యపర్వమున కొంతభాగమును మాత్రమే ఆయన చేత నడచినవి. పదునైదు పర్వములను నెల్లూరిసీమ తిక్కనయు, అరణ్యపర్వ శేషమును ఎఱ్ఱనయు పూరించిరి. మొదలిడిన గ్రంథము తన యింట ముగియని ఊరది. లెక్కలు వ్రాయువాడను గనుక ముగియని పద్దుమీదికే నా కన్ను పోవును.

కళాశాల 1853లో పాఠశాలగా పుట్టినది. తరువాత రాష్ట్రపతులైన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు అందు తత్త్వశాస్త్రము బోధించిరి. ఈ మాట మీకు ప్రతివారును చెప్పుదురు. నేను చెప్పదలచినది వేఱు. అచట తెలుగుపండితులుగా పనిచేసిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న ఆ నగరమున ఒక బాలవితంతువునకు వివాహము జరిపించిరి. పసితనముననే భర్తను గోల్పోయిన బాలికకు మఱల పసుపుకుంకుమ లిచ్చుట నేరమని పెద్దలు మండిపడిరి. వెలికి వెఱచి అనేకులు వెనుదీసిరి. విద్యార్థులు పంతులుగారికి అండగా నిలిచిరి. వారు మీయీడువారే! అతిథులకు కీర్తిని జూపి మచ్చను మరుగుపఱచుట మనకు వాడుక, నేనందుల కొప్పను. ఆ బాలికల గోడు వినక పంతులుగారి గొప్ప మీకెట్లు తెలియును?

ధవళేశ్వరమున ఆనకట్ట చూతురు. 1833 నాటి కరవున ఈ సీమ జనులు తిండిలేక మ్రగ్గుచుండ, చెంతనున్న గోదావరి సముద్రమున గలియుచుండెను. ఆర్థర్ కాటన్ దొర 1847లో పని మొదలిడి 1852 నాటికి నీటిని కాలువలకు మళ్లించెను. తరువాత కట్టిన బ్యారేజికిని ఆయన పేరే పెట్టినారు.

సాయంకాలము గౌతమీ గ్రంథాలయమునకు పొండు. తాళపత్రములను జూపుమని మర్యాదగా నడుగుడు. పుష్కరఘట్టపు మెట్లు పాచిపట్టి జారును. చెప్పులు పైనే విడిచి, ఒకరిచేయి నొకరు పట్టుకొని దిగుడు.