సందేహమే సోపానం : మహర్షి దేవేంద్రనాథుని సత్యాన్వేషణ

పుట్టుకతో సంక్రమించిన మతాచారాన్ని విడిచి మనిషి మరొక మార్గాన్ని ఎందుకు స్వీకరిస్తాడు? స్వీకరించిన పిమ్మట సందేహం కలిగితే ఏం చేస్తాడు? సత్యాన్ని ఎవరికి వారు స్వతంత్రంగా అన్వేషించాలని, తల్లిదండ్రుల విశ్వాసాన్ని అంధంగా అనుసరించరాదని బహాయి ధర్మం బోధిస్తుంది. ఆ ధర్మ ప్రవర్తకుడు బహావుల్లా 1817లో టెహరానులో జన్మించారు. అదే సంవత్సరం కలకత్తాలోని జొరాసాంకోలో దేవేంద్రనాథ ఠాకూర్ జన్మించారు. ఆయన స్వీకరించినది బ్రాహ్మధర్మం. అయినా స్వతంత్రాన్వేషణకు ఆయన జీవితం చక్కని నిదర్శనం.

దేవేంద్రనాథుడు కోటీశ్వరుడైన ద్వారకానాథుని జ్యేష్ఠపుత్రుడు. యౌవనంలో భోగాలకు కొదవ లేదు. నాయనమ్మ అవసానకాలంలో గంగాతీరాన కూర్చున్న రాత్రి, ఐశ్వర్యంపై విరక్తి, అపూర్వమైన ఆనందం ఒక్కసారిగా ఆయనను ఆవరించాయి. కాని ఆ ఆనందం నిలువలేదు; దాని స్థానాన్ని తీవ్రమైన విషాదం ఆక్రమించింది. పాశ్చాత్య తత్త్వగ్రంథాలు చదివినా శాంతి లభించలేదు. ఆ దశలో గాలికి ఎగిరివచ్చిన ఒక చినిగిన సంస్కృత పుటను రామచంద్ర విద్యావాగీశునిచేత చెప్పించుకొన్నారు. అది ఈశోపనిషత్తులోనిది. జగత్తంతటా ఈశ్వరుడు వ్యాపించి ఉన్నాడన్న దాని భావం ఆయన వెదకుతున్న సమాధానమైంది.

ఆయన 1839లో తత్త్వబోధినీ సభను స్థాపించారు. రాజా రామమోహన రాయ్ 1828లో ప్రారంభించిన బ్రాహ్మసమాజంలో 1843 డిసెంబరు 21న, కొందరు మిత్రులతో కలసి, విధివత్తుగా దీక్ష వహించారు.

అసలు పరీక్ష ఆ తరువాతనే ఎదురైంది. వేదం అపౌరుషేయం, దోషరహితం అన్న నమ్మకమే సమాజానికి పునాది. తత్త్వబోధినీ పత్రిక సంపాదకుడు అక్షయకుమార దత్తు ఆ నమ్మకాన్ని హేతుబద్ధంగా ప్రశ్నించారు. ప్రశ్నించినవానిని దేవేంద్రనాథుడు బహిష్కరించలేదు. ప్రశ్నను దాచిపెట్టనూ లేదు. వేదాధ్యయనానికై నలుగురు విద్యార్థులను కాశీకి పంపారు. 1847లో తామే స్వయంగా అక్కడికి వెళ్ళారు. వేదోపనిషత్తులలో సమస్తమూ తమకు అంగీకారయోగ్యం కాదని క్రమంగా గ్రహించి, అపౌరుషేయ సిద్ధాంతాన్ని విడిచిపెట్టారు. అంతటితో విశ్వాసాన్ని విడిచిపెట్టలేదు. ఆత్మజ్ఞానంచేత ప్రకాశించే నిర్మల హృదయమే ధర్మానికి ఆధారమని నిశ్చయించుకొని, తమకు సత్యమని తోచిన ఉపనిషద్వాక్యాలను 1848లో 'బ్రాహ్మధర్మం' అనే గ్రంథంగా సంకలనం చేశారు.

ఈ నిజాయితీకి ఆయన చెల్లించిన మూల్యం స్వల్పమైనది కాదు. 1846లో ద్వారకానాథుడు లండనులో మరణించగా, విగ్రహారాధనతో కూడిన శ్రాద్ధకర్మ చేయడానికి నిరాకరించి బంధువులకు దూరమయ్యారు. 1848లో తండ్రి స్థాపించిన వర్తకసంస్థ కూలిపోయింది. ఋణదాతల చేతికి చిక్కని ఆస్తులను సైతం వారికి అప్పగించడానికి ఆయన సిద్ధపడ్డారు. ఆ సత్యసంధతకు చలించిన ఋణదాతలు గడువిచ్చారు. అప్పులు క్రమంగా తీరాయి.

అయితే ఆయన అన్వేషణకూ అవధులుండెను. ఉపాచార్యులు యజ్ఞోపవీతాన్ని విసర్జించాలని యువకుడైన కేశవచంద్ర సేన్ పట్టుబట్టగా, ఆయన అంతదూరం సాగలేకపోయారు. 1866లో సమాజం రెండుగా చీలింది. ఒక తరానికి గమ్యమైనది మరొక తరానికి మజిలీ మాత్రమే.

ఆ కలకత్తా దీపం తెలుగునాట కూడ వెలుగు నింపింది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు, కాకినాడలో రఘుపతి వేంకటరత్నం నాయుడు ఏకేశ్వరోపాసనను సంఘసంస్కరణతో జోడించారు. శాంతినికేతనంలో పౌషమాసం ఏడవనాడు జరిగే ఉత్సవం ఆ దీక్షాదినాన్నే స్మరిస్తుంది.

అనేక మతాలకు నిలయమైన మన దేశంలో ఈ చరిత్ర నేర్పే పాఠం ఒకటున్నది. తన విశ్వాసాన్ని తానే ప్రశ్నించుకొన్నవాడు పరుల విశ్వాసాన్ని తేలికగా నిందించడు. సందేహం వేధించినపుడు దానిని అణచివేయడంకాని, దానికి లొంగిపోవడంకాని కాక, దాని వెంట కాశీదాకా నడచిపోయే ధైర్యమే సత్యాన్వేషకునికి భూషణం.