నేను నేర్చిన ఒకే ఒక్క వంట
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. గురించి, మెడికల్ బిల్లుల గురించి కార్యదర్శిగారు చెప్పేశారు. నాకిచ్చిన అంశం 'విశ్రాంత జీవితంలో నా వ్యాపకం'. నా వ్యాపకం స్పఘెట్టి వండడం. నవ్వకండి.

ట్రెజరీలో 37 ఏళ్లు పనిచేశాను. పైసా తేడా వస్తే రాత్రి పదింటిదాకా కూర్చుని పట్టేవాణ్ణి. మా ఇంట్లో ఉప్పు జాడీ ఎక్కడుంటుందో మాత్రం తెలియదు. ఆ మాట గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా.

అమెరికాలో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలున్నప్పుడు, కోడలు ఆఫీసు నుంచి వచ్చి పిల్లలకు ఇది చేసిపెట్టేది. ఊసుపోక పక్కన నిలబడి, పాత అలవాటుకొద్దీ కొలతలన్నీ డైరీలో ఎక్కించాను. పెనుగొండ వచ్చాక ఆ డైరీని బీరువాలో పడేశాను.

2022 కార్తీకమాసంలో మా ఆవిడ నూతి చప్టా మీద జారిపడింది. తుంటి ఎముక విరిగి, ఆపరేషనై, మంచం మీదకు చేరింది. వారం రోజులు క్యారేజీ భోజనం. ఎనిమిదోనాడు గిన్నె మూత తీసి, మళ్లీ పెట్టేసి, "నాకు ఆకలిగా లేదండీ" అంది. 41 ఏళ్లు నాకు వండిపెట్టిన మనిషి. ఆ పూట నాకు సిగ్గేసింది. డైరీ తీశాను.

నలుగురికి లెక్క ఇది: స్పఘెట్టి 400 గ్రాములు, నీళ్లు 4 లీటర్లు, ఉప్పు 40 గ్రాములు. భయపడకండి, ఉప్పు చాలావరకు నీళ్లతోనే పోతుంది. సరుకు తణుకులో దొరికింది. గోధుమే గాని చపాతీ గోధుమ కాదు, డ్యూరమ్ అనే గట్టి రకం. స్వర్ణ వడ్లు పుట్టిన మార్టేరు పక్కనే ఉండి ఈ గోధుమ తాళ్లేమిటని పక్కింటాయన వెక్కిరించారు. వినాయకచవితికి పాలతాలికలు తినే మనకు ఇందులో వింతేముంది!

దీన్ని 'అల్ దెంతే'గా దించాలంటారు ఇటలీవాళ్లు. అంటే పంటికి తగలాలి. అన్నం పలుకుగా ఉందంటాం చూశారా, అదే. మనకది వంక, వాళ్లకది పాకం. వార్చేముందు ఒక గ్లాసు గంజి తీసి దాచాలి. కిటుకంతా అందులోనే ఉంది. నూనెనీ రామములగ రసాన్నీ కలిపి తాళ్లకు పట్టించేది ఆ గంజే. మొదటిసారి నేను గంజంతా తూములో పారబోసి, తాళ్లను చన్నీళ్లతో కడిగేశాను. ముద్ద ఒకవైపు, పులుసు ఒకవైపు. ఆ రాత్రి ఇద్దరం మజ్జిగ తాగి పడుకున్నాం.

సాసుకి కిలో పండిన రామములగలు వేడినీళ్లలో వేసి తోలు తీయాలి. నాలుగు చెంచాల ఆలివ్ నూనెలో నాలుగు వెల్లుల్లి రేకలు వేయించాలి, మాడితే చేదు. తర్వాత పండ్లు చిదిమి వేసి సన్నసెగ మీద అరగంట. బేసిల్ ఆకంటే మన రుద్రజడే, సబ్జా గింజలిచ్చే మొక్క. అది దొరక్క తులసికోట దగ్గర చెయ్యిపెడితే, మా ఆవిడ కిటికీలోంచి చూసి కేకేసింది. వారం రోజుల్లో అంత గొంతు వినడం అదే. పర్మేజాన్ జున్ను సంప్రదాయంగా దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో చేస్తారు, శాకాహారులు గమనించగలరు. నేను మానేశాను.

రామములగ ఇటలీవాళ్ల సొంతమూ కాదు. అమెరికా ఖండం నుంచి 16వ శతాబ్దంలో ఐరోపాకు చేరింది. 1690ల్లో నేపుల్స్‌లో అంతోనియో లతీని అచ్చువేసిన వంటపుస్తకం, రామములగ సాసును స్పెయిన్ పద్ధతి అనే చెప్పింది. మన మిరపకాయా ఆ ఖండం నుంచే వచ్చింది. కనుక చిటికెడు కారం వేయడానికి నేను వెనకాడలేదు.

మర్నాడు గంజి దాచాను. దిండుకి చేరగిలబడి నాలుగు ముద్దలు తింది. "ఉప్పు చాల్లేదు" అంది. కాసేపాగి, "ఇంకాస్త పెట్టండి" అంది.

ఇప్పుడు చేతికర్ర సాయంతో నడుస్తోంది. ఆదివారం రాత్రి వంట నాది. తను స్టూలు మీద కూర్చుని తప్పులు పడుతుంది. ఉప్పు జాడీ గూట్లో రెండో అరలో, చింతపండు డబ్బా వెనక ఉంటుందండి. సెలవు.