బొమ్మల కొప్పులు, బొమ్మల జడలు
(దామెర్ల రామారావు స్మారకోపన్యాసం, రాజమహేంద్రవరం)

దామెర్ల రామారావు ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో కన్నుమూశారు. ఆ కొద్దికాలంలోనే మన ఆడవాళ్ల కట్టూ బొట్టూ రంగుల్లో నిలిపి వెళ్లారు. అలాంటి చిత్రకారుడి పేరిట జరిగే సభలో ఆటబొమ్మల జుట్టు గురించి మాట్లాడటం చిన్న సంగతిగా తోచవచ్చు. అయితే ఏ కాలం వాళ్లు దేన్ని అందమనుకున్నారో బొమ్మ తలకట్టు చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

గోదావరి జిల్లాల్లో ఈ చరిత్రను తోలుబొమ్మలతో మొదలుపెట్టాలి. కాకినాడ పక్కనున్న మాధవపట్నం ఆ కళాకారుల ఊరు. తోలుబొమ్మ ముఖం పక్కకు తిరిగి ఉంటుంది కాబట్టి వీపు మీది జడ ప్రేక్షకుడికి నిండుగా కనిపిస్తుంది. కళాకారుడు నేర్పు చూపించేదీ అక్కడే. ఉలితో తోలులో వరసగా చిల్లులు పొడుస్తాడు. తెర వెనక దీపం వెలిగితే ఆ చిల్లులే జడబిళ్లలై, పూలదండలై మెరుస్తాయి. నర్తకి బొమ్మకు తల కూడా విడిగా అతుకుతారు, ఆటలో మెడ తిప్పాలి గదా! ఇక హాస్యగాడికి పేరే జుట్టుతో వచ్చింది: జుట్టుపోలిగాడు. పక్కన అతని జోడీ బంగారక్క ఉంటే చాలు, పామరులకు రామాయణం కంటే వాళ్లిద్దరి గొడవే రక్తి కట్టేది.

సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టే ఇళ్లలో కొండపల్లి బొమ్మలది పెద్దపీట. వాటికి వాడే తెల్లపొణికి కర్ర తేలికైనది, మెత్తనిది. చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అంత మెత్తని కర్రలో సన్నని జడను విడిగా వేలాడదీస్తే విరగక మానదు. కర్రకు కొప్పే సుఖం, తోలుకు జడే సుఖం. అందం గురించిన అభిరుచితో పాటు ముడిసరుకు కూడా బొమ్మకు తల దువ్వుతుందన్నమాట.

తర్వాత విదేశాల నుంచి సెల్యులాయిడ్ బొమ్మలు వచ్చాయి. వాటి జుట్టు అచ్చులో పోసినదే, దువ్వడానికి లేదు.

దువ్వి జడ వేయగల ప్లాస్టిక్ ఫ్యాషన్ బొమ్మల్లో పేరుమోసింది బార్బీ. రూత్ హ్యాండ్లర్ 1959 మార్చి 9న న్యూయార్క్ బొమ్మల సంతలో దాన్ని మొదటిసారి చూపించారు. నెత్తిన గుర్రపుతోక ముడి, నుదుటి మీద ఉంగరాల జుట్టు, పక్కకు చూసే కళ్లు. వినైల్ తలలో కృత్రిమ దారాలు కుట్టడం వల్ల పిల్లలకు దువ్వెన పట్టే ఆట దొరికింది. 1961లో ఉబ్బెత్తుగా దువ్విన పొట్టి క్రాపు వచ్చింది, అప్పటికి అమెరికాలో జాక్వెలిన్ కెనెడీ తలకట్టుకు మోజు. 1967 నాటికి జుట్టు నిటారుగా, పొడుగ్గా జారింది. 1971లో చూపు ఎదుటికి తిరిగింది. 1980లో పొట్టి ఉంగరాల జుట్టుతో నల్లజాతి బార్బీ వచ్చింది. ఆ పేరుతో నల్లజాతి బొమ్మ రావడానికి ఇరవై ఒక్క ఏళ్లు పట్టడం ఆ కంపెనీ చరిత్రలో పెద్ద లోటే. పాదాల దాకా జుట్టున్న 1992 నాటి బొమ్మ కోటికి పైగా అమ్ముడుపోయింది.

మన దేశంలో లియో సంస్థ తయారు చేసిన బార్బీలు చీర కట్టి, బొట్టు పెట్టుకుని వచ్చాయి. ముఖమూ ఒళ్లూ మాత్రం అమెరికావే. వాలుజడ వేసుకునే ఊళ్లలో పసిపిల్ల చేతికి బంగారురంగు జుట్టు అందింది. తమ నల్లజుట్టు అందమైనదేనా అన్న అనుమానం ఆ బొమ్మ పిల్లలకు అంటించింది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అదే కాలంలో నరసాపురంలో పుట్టిన బాపు కుంచె నుంచి పొడవాటి నల్లజడలు, పెద్ద కళ్లు వస్తూనే ఉన్నాయి. అందగత్తెను ‘బాపు బొమ్మ’ అనడం తెలుగువాళ్లకు అలవాటైపోయింది.

ఈ చరిత్రకు ఆధారాలు మన అటకల మీదే ఉన్నాయి. కానీ పెళ్లైన ఆడపిల్లతో కొలువు పెట్టె అత్తవారింటికి వెళుతుంది, రంగు పోయిన బొమ్మ పెంట మీదికి వెళుతుంది. సభలోని అమ్మలకు, అక్కలకు ఒక విన్నపం. వచ్చే సంక్రాంతికి కొలువు దించేటప్పుడు ప్రతి పాత బొమ్మ కింద ఎవరు కొన్నారో, ఎక్కడ, ఏ ఏట కొన్నారో చీటీ రాసి అంటించండి. పనికిరాదనుకున్న బొమ్మను పారేయకుండా, రాజమహేంద్రవరంలోని రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం వారు తీసుకుంటారేమో అడగండి.