రెండు కంచెల మధ్య మనుషులు



2020 ఎన్నికల తర్వాత సాగిన అణచివేతకు ఐరోపా యూనియన్ బెలారస్‌పై ఆంక్షలు విధించింది. 2021లో లుకషెంకో ప్రభుత్వం ఇరాక్, సిరియా ప్రజలకు వీసాలిచ్చి మిన్స్క్‌కు రప్పించి, పోలండ్ సరిహద్దుకు తోలింది. పోలండ్ అత్యవసర పరిస్థితి ప్రకటించి విలేఖరులను సైతం రానివ్వలేదు. నవంబరు చలిలో కుజ్నిత్సా వద్ద వేలమంది ముళ్లకంచె ముందు నిలిచిపోయారు. మన ఆఫీసుల్లో రెండు సెక్షన్ల మధ్య ఫైలు తిరిగినట్టు అక్కడ మనుషులు తిరిగారు. ఒకరు వెనక్కి నెడితే, మరొకరు ముందుకు తోశారు. అడవిలో కొందరు ప్రాణాలు విడిచారు.

2022లో అక్కడ 186 కిలోమీటర్ల ఉక్కుగోడ లేచింది. అదే ఏడాది అదే పోలండ్ లక్షలాది ఉక్రెయిన్ శరణార్థులను అక్కున చేర్చుకుంది. అంటే చోటు లేక కాదు.

సరిహద్దును కాపాడుకునే హక్కు ఏ దేశానికైనా ఉంది. బిడ్డనెత్తుకొచ్చిన తల్లిని పావుగా వాడుకునే హక్కు మాత్రం ఎవరికీ లేదని నా మనవి.